ఇంటర్వెల్ దాకా

సినిమాల్లో ఆ అమ్మాయికి
నాగమల్లేశ్వరి అని పేరు పెట్టరు.
రెండక్షరాలుంటాయి, గాలికి ఎగిరేలా.
నా పేరు పూర్తిగా పిలిచేలోపు
హీరో ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోతుంది.

గుంటూరు కొత్తపేట, చంద్రకాంత టాకీసు.
సైకిల్ స్టాండు మా నాన్న వేలంలో పాడుకున్నాడు.
నేను ఇంటర్ మొదటి సంవత్సరం, సీఈసీ.
ఆదివారం మ్యాట్నీకి టోకెన్లిచ్చేది నేనే.
పనిలో పనిగా ఆడవాళ్ళ క్యూలో నిలబడి
మగపిల్లలకి టికెట్లు తీసిచ్చేదాన్ని.
టికెట్టుకి అర్ధరూపాయి. అప్పు లేదు.

ఆ ఏడాది అన్నీ కుర్రప్రేమ సినిమాలే.
వాటిల్లో కాలేజీకి అటెండెన్సు ఉండదు,
లెక్చరర్లు జోకులెయ్యడానికే పుట్టుంటారు,
గుద్దుకుంటే పుస్తకాలు పడతాయి,
పుస్తకాలు పడితే ప్రేమ పుడుతుంది.
మా కాలేజీలో గుద్దుకుంటే
"కళ్ళు నెత్తికెక్కాయా" అనేవాళ్ళు.

నేను సినిమా చూసింది లేదు, విన్నాను.
వెనక గోడకి చెవి ఆనిస్తే
ఎక్కడ ఈల, ఎక్కడ నవ్వు, అన్నీ తెలిసేవి.
వాన పాటొస్తే
దండెం మీద ఆరేసిన బట్టలు గుర్తొచ్చి
ఉలిక్కిపడి లేచేదాన్ని.
మిర్చి గోదాముల మీంచి గాలి తిరిగిన రోజు
హీరో ఐ లవ్యూ చెప్పే చోట
హాలు హాలంతా దగ్గేది.
ఆ దగ్గుల్లో ఆ పిల్ల ఊ అందో ఉహూ అందో
మూడు వారాలు నాకు తేలలేదు.

ఇమ్మానుయేలు సంగడిగుంట నుంచి వచ్చేవాడు.
వాళ్ళన్న సైకిలు, చైను ఊడే సైకిలు.
మొదటి వారం ఒక టికెట్టు.
రెండో వారం అదే సినిమా, ఒక టికెట్టు.
నాలుగో వారం ఉండబట్టలేక అడిగాను,
అంత బావుందా అని.
"ఫైటింగులు బావున్నాయి" అన్నాడు.
ఆ సినిమాలో ఫైటింగులు లేవు.
గోడ ఇవతలున్న నాకే తెలుసు.

శుక్రవారం బొమ్మ మారిపోతుందనగా, ఆఖరి ఆదివారం,
రెండు టికెట్ల డబ్బులిచ్చాడు.
చెమట పట్టిన చిల్లర, కమీషన్‌తో సహా.
ఫ్రెండొచ్చాడా అన్నాను.
పిన్నీసు పెట్టిన చెప్పు వంక చూసుకున్నాడు.
"రెండోది నీకే" అన్నాడు,
"కమీషను మాత్రం రెండింటికీ తీసుకో."

సినిమాలో అయితే ఇక్కడ వయొలిన్లు.
మాకు పక్కనే సోడా గోలీ కీచుమంది.

ఆడవాళ్ళ వైపు నేను, అవతలి వైపు అతను,
మధ్య దారిలో సమోసాల బుట్ట.
ఇన్నాళ్ళు విన్న నవ్వులకి
మొదటిసారి ముఖాలు చూశాను.
గోడ బయట నేను కట్టుకున్న పిల్లంత
అందంగా లేదు తెర మీది పిల్ల.
వాన మాత్రం నిజం వాన కంటే బావుంది.
అందరూ నవ్విన చోటల్లా
ఇమ్మానుయేలు తెర వైపు చూడలేదు.
నాకెలా తెలుసంటే,
నేనూ చూడలేదు.

ఇంటర్వెల్‌కి నాన్న కేకేశాడు, పూర్తి పేరుతో,
బాల్కనీ దాకా వినపడేలా.
పరిగెత్తాను.
ఆఖర్న ఏమైందని తర్వాత అడిగితే
"ఏమో, నేనూ లేచొచ్చేశా" అన్నాడు
చైను ఎక్కిస్తూ, ముక్కు మీద గ్రీజుతో.

వేసవికి వాళ్ళు చీరాల వెళ్ళిపోయారు.
రైలు వెంట ఎవరూ పరిగెత్తలేదు.
ఏ రైలో కూడా నాకు తెలీదు.

మొన్న ఆ బొమ్మ టీవీలో వేశారు.
"ఇంత వెర్రిగా ఎలా ప్రేమించుకునేవాళ్ళమ్మా"
అంటూనే మా అమ్మాయి కళ్ళార్పలేదు.
సగం దాకా నేనూ నవ్వాను.
తర్వాత పప్పు మాడుతోందని లేచాను.
పొయ్యి మీద పప్పేమీ లేదు.

టాకీసు పడగొట్టినప్పుడు
నాన్న టోకెన్ల డబ్బా ఇంటికి తెచ్చుకున్నాడు.
రేకు బిళ్ళలు, ఒకటి నుంచి రెండొందల దాకా.
నలభై మూడు లేదు.
"ఎవడో వెధవ పట్టుకుపోయాడు" అన్నాడు
మూడోసారి లెక్కపెడుతూ.
అవున్నాన్నా, వెధవే అన్నాను.