గడియ

మా యింట్లో తలుపులకి గడియలుండాయి.
వెయ్యం.
స్నానానికి పోయినా తలుపు దగ్గరగా నెట్టి
లోపల బకెట్ అడ్డం పెట్టుకుంటాం.
నీళ్ళు నిండిన బకెట్. అదే మా తాళం.

నేను పుట్టక ముందు సంగతి.
తవణంపల్లి దారిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ,
తోతాపురి లోడ్లు రోడ్డు దాకా నిలబడిన సీజను.
డబ్బాలు లెక్కపెట్టను మా యమ్మ చల్లగదిలోకి పోతే
ఎవరో చూడక బయట గడియ పెట్టేసినారు.
మా అవ్వ లెక్కలో రెండు గడియలసేపు.
ఫ్యాక్టరీ గడియారంలో యాభై నిమిషాలు కూడా కాదు.
తీసినాక అందరూ నవ్వినారంట.
పండ్లు టకటకా కొట్టుకుంటా ఉంటే
ఆమె కూడా నవ్విందంట.

మరుసటేడు వాసన మొదలైంది.
వీధిలోకి మామిడిపండ్ల బండి వస్తే
మా యమ్మ లేచి కిటికీలన్నీ తెరిచేది.
పాపం, పండు ఏం చేసింది?
ఆ పొద్దు ఆడ ఉండడమే దాని తప్పు.
ఇంక భయం చుట్టరికాలు కలుపుకుంటా పోయింది:
చల్లగదికి తమ్ముడు లిఫ్టు,
లిఫ్టుకి పిన్నమ్మ కొడుకు బస్సులో కిటికీ లేని సీటు,
ఆఖరికి తలమీంచి తొడుక్కునే స్వెట్టరు కూడా
ఏదో వరసకి దాయాదే.

నాకైతే ఏ గదీ మూసుకోలేదు.
చుట్టాలింట్లో తలుపెవరన్నా మూయబోతే
నా భుజం మీద బిగిసిన ఆమె అయిదు వేళ్ళు,
అంతే నాకు తెలిసింది.
కొన్ని పాలతో వస్తాయంటారు.
ఇది చేతితో వచ్చింది.

ఇప్పుడు తిరపతిలో, నాలుగో అంతస్తులో ల్యాబు.
రక్తం శాంపిళ్ళ డబ్బా పట్టుకోని
దినానికి పన్నెండుసార్లు మెట్లు.
"అక్క భలే ఎక్సర్‌సైజు చేస్తాది" అంటాడు
వాచ్‌మన్ చెంగల్రాయులు.
నేను కాదనను.

లిఫ్టు ముందరినుంచి వెనక్కి తిరిగి
మొదటి మెట్టు మీద కాలు పెడతానే
ఎండనపడి వచ్చి చెంబుడు నీళ్ళు తాగినట్టు
గుండెలో ఒక నిమ్మళం.
"ఆ నిమ్మళమే దానికి మేత" అనింది డాక్టరమ్మ.
"తప్పించుకున్నాను కాబట్టి బతికినాననుకుంటారు.
ఎక్కుంటే ఏమయ్యుండేదో
మీకెవరు చెప్తారు?"

కాసేపాగి, కిటికీలోంచి కొండ చూపించింది.
"బస్సులు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు గదా.
భయమూ అంతే.
మీరు ప్రతిసారీ ఎక్కేటప్పుడే, సగం మలుపులో
దూకేస్తా ఉండారు.
దిగే దారొకటుందని మీకు తెలీనే తెలీదు."

నిన్న ఒక అంతస్తు.
తలుపులు దగ్గరికొచ్చినాయి.
కార్తీకమాసంలో, ఒట్టు, మామిడిపండ్ల వాసన.
నేనెప్పుడూ కాలు పెట్టని ఫ్యాక్టరీ వాసన.
తెరుచుకోంగానే బయటపడి
మిగతాది మెట్లెక్కినాను.
గెలుపని చెప్పను.

ఈ పొద్దు నా కూతురు స్నానానికి పోయింది. ఏడేళ్ళు.
యాడ నేర్చుకునిందో, టక్కుమని గడియేసుకునింది.
తలుపు తట్టను పోయిన నా చేతిని
ఇంకో చేత్తో పట్టుకున్నాను.
లోపల నీళ్ళు పోసుకుంటా
ఎక్కాలు చెప్పుకుంటా ఉంది.
ఏడెనిమిదులు యాభై నాలుగంట.

పోనీలే.