అరువు ముక్కు

జ్వరం పోతూ పోతూ
నాన్న వాసనల్ని మూటగట్టుకు పోయింది.

యాయ్‌త్సే ఊళ్ళో, జలపాతానికి రెండు వీధులవతల
ముప్ఫై ఏడేళ్ళుగా కాఫీ గింజలు వేయిస్తున్న మనిషి.
రంగు కన్ను చూస్తుంది, చిటపట చెవి వింటుంది,
దించాల్సిన ఘడియ మాత్రం ముక్కే చెప్పాలి.

ఎవరికీ తెలియనివ్వొద్దన్నాడు.
అమ్మా నేనూ నోరు విప్పలేదు.
మాడిన పొడే చెప్పేసింది
ఇంటింటా రాగి జెజ్వాల్లో పొంగి.

బెహ్కా అప్పుడే సూపర్‌మార్కెట్ పొట్లం కొనుక్కుంది,
నేనెదురైతే సంచీ వీపు వెనక్కి దాచింది.

మంగళవారం బస్సు డ్రైవర్ ఆవ్దో వచ్చాడు.
కొనడానికి కాదు.
డ్రమ్ము పక్కకి స్టూలు లాక్కుని కూర్చున్నాడు,
మంచుని తిట్టాడు, అల్లుణ్ణి తిట్టాడు,
తిట్టు మధ్యలో ఆగి
"ఇప్పుడు" అన్నాడు.

నాన్న అతని వైపు చూడలేదు.
గింజలు దించాడు.

గురువారం కుట్టుపని జుమ్రా.
ఆమె "ఇప్పుడు" ఒక నిమిషం ముందొస్తుంది,
కాఫీ చెర్రీపండులా పుల్లగా ఉంటుంది.
ఆవ్దోది కాటుక.

పొట్లాల మీద తేదీ పక్కన
ఈ మధ్య పేరు కూడా రాస్తున్నాను.
జుమ్రా పొడే కావాలని ఒకరు,
ఆవ్దోది చచ్చినా వద్దని ఇంకొకరు.
నిన్న బెహ్కా వచ్చి, గోడకేసి చూస్తూ
శనివారం ఖాళీయేనా అనడిగింది.

రాత్రి కొట్టు కట్టేముందు
చల్లారిన డ్రమ్ములో తల దూర్చి
నాన్న ఒక్కసారి గట్టిగా పీలుస్తాడు.
మేం లెక్కలు చూస్తున్నట్టు నటిస్తాం.

తలుపు మూసి, చేతులు దులుపుకుని
"రేపెవరు?" అంటాడు.