ఐదో పెట్టె

పెట్టె కొంటానన్నావు కాదేటి తిరుపతీ,
బేరానికి ముందు ఇది ఇను.

తేనె మాట తరవాత.
ముందు ఆ బల్ల కాళ్ళ కింద కొబ్బరి సిప్పలు సూడు.
నాలుగు కాళ్ళు, నాలుగు సిప్పలు, నిండా నీళ్ళు.
ఒక్క పూట నీళ్ళు ఎండితే సాలు,
తెల్లారేసరికి గండుసీమలు సంసారం పెట్టేస్తాయి.
నా మొట్టమొదటి పెట్టె అలగే పోనాది,
ఆడపడుచు పురిటికని మందస ఎల్లి వచ్చీలోగా.

మాఘంలో జీడి పూస్తాది.
ఉద్దానమంతా ఒకటే వాసన,
తీపీ వగరూ ఒకే నోట మాటాడినట్టు.
అప్పుడు పొగడబ్బాలో కొబ్బరిపీచు వెయ్యి, గుప్పెడు ఎండు పేడ వెయ్యి.
మూత తీసీముందు పెట్టెని వేలితో ఓసారి తట్టు,
వాటి ఇల్లు కదా.
చట్రం ఎత్తినప్పుడు దాని మీద ఊపిరొదలకు.
మైనం మూతలు మూడొంతులు పడితేనే కోత.
పచ్చితేనె పులుస్తాది,
పలాస బజార్లో నీ పేరూ దాంతోపాటు.

కింద గది ముట్టుకోకు, పిల్లలున్నాయి.
పై గదిలో కూడా ఒక చట్రం ఒగ్గేయ్.
ఎందుకంటావా?
ఆషాఢంలో ముసురు పట్టిన పది రోజులు
పాకానికి పంచదార నేక
నాను పెట్టెల మొకం సూడనేదు. అందుకు.

పక్కతోట బైరాగి మంచోడే.
మందు కొట్టే ముందు రాత్రి గట్టు మీంచి అరుస్తాడు,
"పిన్నీ, రేపే!"
దీపం పట్టుకుని అన్ని వాకిళ్ళకీ తడిగోనె కడతాను.
మర్నాడంతా లోపల ఒకటే సప్పుడు
అత్తెసరు ఉడికినట్టు.
పోయినేడు అతను అరిచిన రాత్రి
నాను జొరంతో ఒళ్ళెరగను.
పొద్దున్న మూడు పెట్టెల ముందు...
లెక్కెట్టనేదు. సీపురు తేనేదు. సేత్తోనే ఎత్తాను.
బైరాగి వచ్చి నిలబడ్డాడు, ఏటీ అననేదు.
మర్నాడు గుమ్మంలో
పంచదార సంచి ఉంది.

ఆ పైవారమే ఐదో పెట్టె.
మూత తీస్తే ఈగ నేదు. సచ్చింది కూడా నేదు.
అద్దింట్లో ఉన్నోళ్ళు ఊడ్చి, తాళం గుమ్మంలో పెట్టి పోనట్టు.
నాలుగు రోజులకి తెలిసింది,
భజనమందిరం మైకు గొట్టంలో కాపురం.
కమిటీవోళ్ళు కబురెట్టారు.
రాత్రి నిచ్చెనేశాను, బుట్ట తగిలించుకుని ఎక్కాను,
గొట్టానికి సెవి ఆనించాను.
ఎంతసేపున్నానో, కింద టార్చి పట్టుకున్న కుర్రోడు
"అప్పా, ఏటంటున్నాయి?" అన్నాడు.
ఉత్తి బుట్టతో దిగిపోయాను.
ముసలోళ్ళు కూడా ఉండనియ్యమన్నారు,
నాలుగింటి సుప్రభాతం నేక
ఊరు కాస్త పొద్దెక్కీదాకా పడుకుంటంది.

అందుకే ఐదోది నీకు అమ్మను.
మూలలకి మైనం రాసి
వాకిలి తెరిచి ఉంచాను.
మిగిలినవాటిలో నీకు నచ్చింది తీసుకో,
డబ్బులు కోతయ్యాక ఇద్దువు.
కానీ పగలు రాకు.
పొద్దుగూకనీ, ఆఖరీగ కూడా ఇల్లు సేరనీ.
అప్పుడు కడదాం తలుపు.