ఏడో కుండీ రేపు

ఆరో కుండీలో వేరు
నా చిటికెన వేలి గోరంత కూడా లేదు.
పద్నాలుగో రోజు, ఎనిమిది మిల్లీమీటర్లు.
రాసి, పెన్నుకి మూత పెట్టి,
మళ్ళీ మూత తీసి, మళ్ళీ కొలిచాను.
స్కేలు అబద్ధమాడదు,
టీ చుక్క పడని నా కళ్ళు ఆడొచ్చు.

ఎనిమిదే.

మూడో కుండీలోనూ అదే విత్తనం,
లంక నుంచి బస్తాకెత్తి తెచ్చిన అదే ఒండ్రు.
వేళ్ళు మాత్రం కొబ్బరిపీచు చిక్కులా అల్లుకున్నాయి,
కాకపోతే తెల్లగా.
దానికి లీటరుకి ఇరవై మిల్లీగ్రాములు పోశాను.
ఆరో దానికి వెయ్యి.

జింకు ఆక్సైడు.
పసిపిల్లలకద్దే పౌడరులా ఉంటుంది చూడ్డానికి.
డబ్బా తెరిచేటప్పుడు మాస్కు కట్టుకోమంటారు నిస్సీ మేడమ్.
"తలవెంట్రుకని నిలువునా రెండువేల చీలికలు చెయ్యి,
అందులో ఒక్క చీలిక మందం, ఒక రేణువు"
అన్నారు నేను పనిలో చేరిన రోజు.
అంత సన్నదాన్ని పట్టుకునే వేళ్ళు ఎవరికుంటాయండీ, అన్నాను.
మట్టికుంటాయి, వేరు చర్మానికుంటాయి,
అని ఆవిడ నవ్వకుండానే చెప్పారు.

మా అమ్మ ముప్పై ఏళ్ళు ఊడ్పులకి వెళ్ళింది.
నారుకట్ట విప్పి వేరు తడిమితే చాలు,
"ఇది మూడో రోజుకే మూన తిరుగుద్ది" అనేది,
లేదంటే ఏమీ అనకుండా గట్టు మీద పక్కన పెట్టేది.
నాకు ఆ వేళ్ళు రాలేదు.
ఊపిరి తగిలినా అంకె మారే త్రాసు ఇచ్చారు నాకు,
గాజు తలుపులున్న త్రాసు.
తూచేటప్పుడు నేను ఊపిరి బిగబడతాను.

కాలువ శివారున మావుళ్ళు గారి కౌలుచేను, ఎకరంన్నర.
సార్వా ఊడ్చి నెల్లాళ్ళు కాలేదు,
పాత మేకులు నానిన నీళ్ళు చిమ్మినట్టు
ఆకుల నిండా తుప్పుచుక్కలు.
జింకు లోపమండీ, అన్నాను.
"ఎరిగిందే గదమ్మా. ఇప్పుడు సీసాల్లో వత్తంది, బాగా సన్నం చేసింది.
ఎకరానికొకటి అన్నాడు కొట్టాయన.
నేను మూడు కొట్టేను, అదీ ఒక్క ఎకరానికే.
అప్పు రాసేవోడు ఒకటి రాసినా మూడు రాసినా అదే కలంతో కదా.
కౌలు గింజలు ముందే ఒప్పేసుకున్నా.
ఆ పైన రాలింది నాది."

ఏం చెప్పను?
ఇరవైకీ వెయ్యికీ మధ్య ఎక్కడో
తిండి మందవుతుంది, మందు ఇంకోటవుతుంది.
ఎక్కడో అన్న చోట గట్టు వేసి లేదు.
పస్తున్న బిడ్డకి అన్నం పెట్టేటప్పుడు
గరిటె ఎవరు లెక్కపెడతారు?

దిగి ఒక దుబ్బు పీకి బోదెలో కడిగాను.
కొసలు మొద్దుబారాయా,
ఆరో కుండీని చూసొచ్చిన కళ్ళకి అలా కనిపించాయా?
చేను కుండీ కాదు.
ఇక్కడ నిన్నటి వానుంది, పేడుంది, పీతబొరియలున్నాయి,
పైచేను వాళ్ళు వదిలిన నీళ్ళున్నాయి.
బంకమట్టి కొంత దాచుకుంటుంది,
వాన కొంత కడుక్కుపోతుంది,
మిగిలింది ఎవరి ఖాతాలో రాయాలో తెలీదు.

నేను కడిగిన బురద నా కాళ్ళ మీదుగానే పోయింది,
మురుక్కాలువలోకి,
అక్కణ్ణించి బాతులు మెడలు ముంచే చోటికి,
చేపల చెరువుల తూముల్లోకి, ఉప్పుటేట్లోకి.
ఎంత దూరం పోతుందో రాసే గడి
మా రిజిస్టరులో లేదు.

దుబ్బుని తడిగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాను.
అమ్మకి ఇప్పుడు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి,
గ్లాసు జారిపోతుంది చేతిలోంచి.
అయినా కళ్ళు మూసుకుని వేళ్ళన్నీ వెతికింది.
"దీన్ని ఎవరో తొందరపెట్టేరే" అంది.
గుడ్డ మడిచి నాకిచ్చి, కూర మాడుతోందంటూ లేచింది.

రిమార్కుల గడిలో ఆ మాటే రాశాను, పెన్సిలుతో.
మేడమ్ చెరిపేస్తే చెరిపెయ్యనీ.
రేపు ఏడో కుండీ.
అందులో రాగి.