తువ్వాళ్లు

సాండస్కీలో, సరస్సు గాలి తిన్నగా తగిలే మలుపులో
మూతపడ్డ హార్డ్‌వేర్ దుకాణం ముందు
ఆదివారం పొద్దున పదకొండు మార్లెట్లు.
గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గలు,
ఏ పాత పెళ్లిలోంచో అరువు తెచ్చుకున్నట్టు
నడుం చుట్టూ ఒక తళుకు పట్టీ.
పుదీనా రంగుది నాది.

ఎదురుగా కాఫీ హోటల్లో మేం.
బల్ల మీద పత్రిక.
వెండెల్ ప్రూసాక్ కళ్లద్దాలు సర్దుకుని
నాలుగోసారి చదివాడు,
పుండు మానుతోందేమోనని గోకి చూసుకునేవాడిలా:

"పాత చింతకాయ పచ్చడికి కొత్త సీసా.
తాత టోపీ పెట్టుకున్న మనవడు.
ఎత్తు ఎక్కమంటే దగ్గుతుంది,
మలుపు తిరగమంటే ఆలోచిస్తుంది.
ఇది గుర్తుచేసే రోజులు అసలు ఎవరికీ జరగలేదు.
వెనకద్దం తపాలాబిళ్లంత. వానొస్తే అదీ కారుతుంది."

జవాబు రాయాల్సిందే అన్నాడు.
హోటలమ్మాయి ఆర్డరు పుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చింది.
వెనకవైపు ఎవరివో రెండు ఆమ్లెట్లు, ఒక టోస్టు.

"అయ్యా సంపాదకా" దగ్గరే మొదటి గొడవ.
థాడియస్ 'అయ్యా' కొట్టేయమన్నాడు.
కొట్టేస్తే మనమే చిన్నవాళ్లమవుతాం అని వెండెల్.
కాఫీ రెండుసార్లు వచ్చి వెళ్లింది.
'అయ్యా' ఉంది.

"వంతెన ఎక్కుతుందని రాయండి," అంది మారిసెలా,
"రోజూ ఎక్కుతున్నాను. ఏసీ ఆపేస్తే చాలు."
ఏసీ సంగతి వద్దు అన్నాడు వెండెల్.
ఏసీ లేకుండా వంతెన కూడా వద్దంది మారిసెలా.
అబద్ధం రాయలేం కదా.

పందొమ్మిదేళ్ల లానీ, మాలో చిన్నవాడు,
గోరు కొరుకుతూ అన్నాడు:
"నువ్వు పుట్టని కాలం మీద నీకు బెంగేమిటి అంటున్నాడు కదా.
నాకు బెంగ లేదు.
ఆ బుగ్గలు నచ్చాయి, అంతే."
అది రాశాం.
మరీ పొట్టిగా ఉందని కొట్టేశాం.
కొట్టేశాక దానికంటే మంచిది ఎవరికీ తోచలేదు.

అప్పటిదాకా కాఫీ కలుపుతూనే ఉంది వెర్లీన్ ఆస్కర్సన్.
డెబ్బయ్యొక్కేళ్లు. మార్లెట్ ఫ్యాక్టరీలో
ఆఖరి షిఫ్టుకి తలుపులు వేసినవాళ్లలో ఒకతె.
చెంచా సాసర్లో పెట్టింది.

"వెనకద్దం రబ్బరు అర అంగుళం పొట్టి.
మాకు తెలుసు. పైవాళ్లకి మూడుసార్లు చెప్పాం.
లాగి కూర్చోబెట్టండి అన్నారు.
లాగేవాళ్లం, రోజుకి రెండొందల కార్లకి."
బొటనవేళ్లు రెండూ బల్ల మీద పెట్టింది.
అవి చివర్లో కాస్త వెనక్కి వంగి ఉన్నాయి.
"ఆయన రాసిందాంట్లో తప్పేం లేదు.
తపాలాబిళ్ల అన్నాడు చూడు,
అది మాత్రం బాగుంది."

ఎవరం ఎవరి మొహమూ చూడలేదు.
పత్రికవాడు పొడిచినప్పుడు కోపం వచ్చింది;
ఇప్పుడేం రావాలో తెలియలేదు.

ఆ సమయానికే సరస్సు మీంచి వచ్చింది,
ముందస్తు మాటేం లేకుండా, అడ్డంగా, వాన.

కుర్చీలు కీచుమన్నాయి.
పెన్ను వదిలేసి వెండెల్ పరుగు.
అందరం పరుగు.
పదకొండు డిక్కీలు తెరుచుకున్నాయి,
పదకొండింట్లోంచీ తువ్వాళ్లు.

ఎవరూ ఎవరికీ చెప్పింది కాదు.
ఎనిమిదేళ్లుగా కలుస్తున్నాం,
ఇంజన్‌ ఆయిలు గురించి తగవులాడుకున్నాం,
ఒకరి విడాకులు ఒకరికి తెలుసు,
తువ్వాలు సంగతి మాత్రం తెలియదు.
నాది ఈతకొలనుది, ఆకుపచ్చ చారలు.
వెండెల్‌ది హోటల్ పేరున్నది, దొంగిలించిందే అయ్యుండాలి.
నాలుగు మడతలు, ఎడమ మూలకి.
అందరిదీ ఎడమ మూలకే.

థాడియస్ నన్ను చూశాడు. నేను అతని తువ్వాలు చూశాను.
నవ్వు ముందు ఎవరిదో తెలియదు.

గొడుగేసుకుని హోటలమ్మాయి వచ్చింది.
ఆ కాగితం కావాలిట,
ఆమ్లెట్లకి ఇంకా బిల్లు వెయ్యలేదుట.

వెర్లీన్ తడుస్తూ ఒక్కో కారు దగ్గరా ఆగుతోంది.
నా దగ్గరికొచ్చి అద్దం అంచు తడిమి
ఒకచోట బొటనవేలు గట్టిగా నొక్కింది.
"ఇక్కడ. ఇలా."
నీళ్లు ఆగాయి.

వేలు తియ్యలేదింకా,
రెండంగుళాల అవతల మొదలయ్యాయి.