పదహారు మెట్లు

బీరువా వెనక గోడ మీద ఒక గీత ఉంది.
రంగులేసేవాడు చెరిపేస్తానంటే
ఆ ఒక్కచోటా వదిలెయ్యమన్నాను.
నేను మర్చిపోయినా ఇల్లు మర్చిపోకూడదు
నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో.

ముడిచ్చూరులో దీపావళి పొగ తగ్గగానే
అటక మీంచి నీలం సంచీ దించుతాం.
బోర్లిస్తే పోయినేడాది నేలమీద పడుతుంది:
పాప గౌను, ఇప్పుడు బొమ్మకి తొడగాల్సిందే.
టార్చిలో ఉబ్బి కారిన బ్యాటరీలు.
మామగారి బీపీ మాత్రలు, పది గడుల్లో మూడు ఖాళీ.
ఆయన చైత్రంలో వెళ్లిపోయారు.
పారెయ్యబోతే మా ఆయన
"ఉండనీ, ఎవరికైనా..." అని ఆగిపోయాడు.
ఎవరికి, అని నేనూ అడగలేదు.

దస్తావేజు, రేషన్ కార్డు, పాప పుట్టిన సర్టిఫికెట్,
కవరు మీద కవరు, ఉల్లిపాయలాగా.
తాడు. ఈల. మందుసీసాలో అగ్గిపుల్లలు.
అటుకులు, బెల్లం, చింతకాయ తొక్కు.
తొక్కు దేనికంటే
ఆ మూడు రోజులూ పడవవాళ్లిచ్చిన పొట్లాల్లో ఉప్పు లేదు.

అన్నీ సర్దాక కాగితంలో ఒక పేరు మిగిలింది.
తిలకవతి.
పై అంతస్తు. స్కూటర్ నిలిపే చోటు కోసం
జూన్ నుంచి మాకూ వాళ్లకూ మాటల్లేవు.
నేను తెలుగులో తిట్టాను, ఆమె తమిళంలో తిట్టింది,
ఒక్క ముక్క పొల్లుపోకుండా ఇద్దరికీ అర్థమయింది.

ఆ రాత్రి మాత్రం
గ్యాసుబండ వంటగదిలో తేలుతుంటే
మెట్ల మీద సెల్‌ఫోన్ వెలుగు పట్టుకుని
"వాంగ, మేల వాంగ" అని పిలిచింది ఆమే.
పదకొండుమందిమి, ఒక్క బకెట్ మంచినీళ్లు.
గ్లాసుతో కొలిచి పోసింది.
ముందు మా మామగారికి,
తర్వాతే తన కొడుక్కి.

స్టీలు డబ్బాలో సున్నుండలు పెట్టుకుని బయల్దేరాను.
పదహారు మెట్లు. లెక్కపెట్టుకుంటూ ఎక్కాను,
చీకట్లో పనికొస్తుంది.

తలుపు తీసి నా డబ్బా వైపు కాదు,
ఆకాశం వైపు చూసింది.
"సంచీ సర్దేశావా?"
"ఆఁ."
"మేం కొత్త డ్రమ్ము కొన్నాం. రెండొందల లీటర్లు,"
అంది, లోపలికి దారిస్తూ.

స్కూటర్ సంగతి ఇద్దరం ఎత్తలేదు.
అది జనవరిలో చూసుకోవచ్చు.