నిలబడే తీరు

రావులపాలెం అరటి మార్కెట్లో
తెల్లారగట్ల నాలుగింటికి
లారీల హెడ్‌లైట్లే నా స్టూడియో లైట్లు.
గెలలు మోసే కుర్రాళ్ల మెడల మీద
అరటిపాలు ఎండి నల్లబడ్డాయి.
బట్టకంటినా ఒంటికంటినా
ఓ పట్టాన పోని మచ్చలు.

గోదావరి గిరిజన యువత, ఇరవై ఫొటోలు.
అడిగినవాళ్లు అడ్వాన్సుతో పాటు సలహా కూడా ఇచ్చారు:
"కాస్త సంప్రదాయంగా ఉండాలి మాస్టారూ."
అందుకని బండి వెనక తాడేసి కట్టుకొచ్చాను,
భద్రాచలం వైపు నుంచి అద్దెకు తెచ్చిన
కొమ్ముల తలపాగా ఒకటి.

సోడె జోగేష్ దాన్ని చూసి నవ్వాడు.
జుట్టు చివర్లకి ఇత్తడి రంగు,
చెవికి పోగు, ఫోన్ కవరు మీద పులి.
"ఇది మా తాత ఎత్తేవాడండి.
మంత్రిగారొస్తే ఎత్తేవాడు, ఆఫీసరొస్తే ఎత్తేవాడు.
ముంపు లెక్కలకి వచ్చిన రోజూ ఎత్తించారు.
ఎత్తీ ఎత్తీ మెడనొప్పితో పోయాడు."
ఆ చివరి మాట నిజమో వేళాకోళమో
నాకు ఇప్పటికీ తెలీదు.

నా సంచిలో ఇంకోటి కూడా ఉంది.
మా తాత రేకుపెట్టెలో దాచిన గాజుపలక.
తెల్లదొర సామాను మోస్తూ కొండలెక్కి
జీతం బాకీ కింద తెచ్చుకున్నాడట.
గోచీ పెట్టుకున్న ఓ కుర్రాడు, పక్కన నిలువు కొలబద్ద,
తల కదలకుండా వెనకనుంచి పట్టుకున్న ఒక చెయ్యి.
ఆ చెయ్యి మా తాతదేనని
నాన్న గర్వంగా చెప్పేవాడు.

ఎందుకు చూపించానో సరిగా చెప్పలేను.
కుంజం అనసూయ, కాకినాడలో నర్సింగు రెండో ఏడు,
సెలవుల్లో ఇక్కడ గెలల లెక్క రాస్తుంది,
పలకని హెడ్‌లైటుకి అడ్డం పెట్టింది.
నెగటివ్ కదా,
కుర్రాడూ తెల్లగానే ఉన్నాడు,
మా తాత చెయ్యీ తెల్లగానే ఉంది.
అంచున అంటించిన ఇంగ్లీషు చీటీ చదివింది:
కొండజాతి. మగ. సుమారు ఇరవై.
"పేరేదండీ?"
మళ్లీ తనే, "సుమారు! మాదీ అదే వయసు.
మా బళ్లో అందరం జనవరి ఒకటినే పుట్టాం,
మేస్టారికి ఓపిక లేక."
అందరూ నవ్వారు. వెనక లారీవాడు హారన్ కొట్టాడు.

ఆనకట్ట కట్టిన దొరకి మా డెల్టాలో ఊరికో విగ్రహం,
ఆయన పేరు మా ఇంట్లో చంటిపిల్లకీ వచ్చు.
నేను కొమ్ముల్ని గోనెలో చుట్టేశాను.

ఎలా నిలబడమంటారని ఎవరూ అడగలేదు.
జోగేష్ ఎవరిదో బుల్లెట్టెక్కి కూర్చున్నాడు,
తాళం లేదు, పెట్రోలూ లేదు.
అక్కాచెల్లెళ్లిద్దరికీ కలిపి నల్లకళ్లద్దాలు ఒకటే జత,
వంతులేసుకున్నారు.
అనసూయ తెల్లకోటు తొడుక్కుని
అవ్వ ఇచ్చిన పూసలదండ పైకి తీసింది.
"మీకోసం కాదు. క్లాసులో లోపల దాస్తాను,
ఇవాళ గాలి తగలనీ."

తర్వాత కెమెరా ఇమ్మంది.
"మీరు నిలబడండి. మీ జాతి బట్టలేవీ?"
నా ప్యాంటు, నా చొక్కా, నా చేతిగడియారం,
ఒక్కటీ సాయానికి రాలేదు.
చేతులెక్కడ పెట్టుకోవాలో
ముప్పయ్యేళ్లుగా జనానికి చెబుతున్నవాణ్ణి,
ఒకటి జేబులో దోపాను.
రెండోది గాల్లోనే ఉండిపోయింది,
ఎవరి తలో పట్టుకోబోతున్నట్టు.

ఫొటోల కింద పేర్లు వాళ్లే రాసుకున్నారు,
ఇంటిపేరు ఒత్తిపట్టి, కాగితం చిరిగేలా.
ఒకడు మాత్రం వద్దన్నాడు. పేరూ చెప్పలేదు.
అతను దిగని ఫొటోలో
లారీ వెనక తలుపు, రెండు గెలలు,
ఫ్రేము దాటిపోతున్న ఒక మడమ.
ఆ మడమనీ చెరిపేశాను.

"ఒకటి తగ్గిందే" అన్నారు ఫోన్లో.
సుమారు ఇరవై అన్నాను.